పండుగనాటి కోడికూర: తడియారని పాకము



నేటి ప్రసంగమునకు విషయము పండుగనాటి కోడికూర. ముప్పదియేండ్లకు పైగా బాలురకు శబ్దమంజరియు, వ్యాకరణమును బోధించిన వృద్ధుడు ఆకాశవాణి యెదుట కూర్చుండి కోడికూరను గూర్చి పలుకుట యేమని మీలో కొందరికి నవ్వు రావచ్చును. నవ్వుడు, దోషము లేదు. అయినను పాకవిద్య మన పూర్వులు చిన్నచూపు చూచిన విద్య కాదు. నలమహారాజు పేర 'పాకదర్పణము' అను సంస్కృత గ్రంథము కలదు. అందు మాంసము చేర్చి వండు అన్నముల విధానములును చెప్పబడినవి. మన సీమను ఏలిన కల్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు క్రీ.శ. 1126 మొదలు 1138 వరకు రాజ్యము చేసెను. ఆయన రచించిన 'మానసోల్లాసము'న రాజనీతితో పాటు అన్నభోగమను ప్రకరణము కలదు. అందు మాంసమును కాల్చుట, ఉడికించుట, మసాలా దినుసులతో సంస్కరించుట సవిస్తరముగ వర్ణింపబడినవి. రాజు వ్రాసిన విషయమును బడిపంతులు పలికిన తప్పేమి?

ఈ ప్రసంగమునకు ఒక కారణము కూడ కలదు. గడచిన నవంబరు నెలలో ఒకనాటి రాత్రి అమెరికా నుండి నా పూర్వ శిష్యుడొకడు ఫోను చేసెను. వానిది మా భీమ్‌గల్ ప్రక్క పల్లె. కుశల ప్రశ్నలు ముగిసిన పిమ్మట వాడు ఇట్లనెను: "సార్, ఎల్లుండి ఇక్కడ పెద్ద పండుగ. టర్కీకోడి తెచ్చినం. పోయినేడు వండితే పీచు పీచు అయింది, నీళ్లతోని మింగినం. ఈసారి మా అమ్మానాయిన వచ్చి ఉన్నరు. నాయినకు పండ్లు లెవ్వు. చిన్నప్పుడు దసరకు మీ ఇంట్ల తిన్న కూర మెత్తగ ఉంటుండె. ఎట్ల వండుతరు?" ఆ ప్రశ్నకు నేను నాడు తొందరలో చెప్పిన సమాధానమును నేడు కొంత విస్తరించి మీకు మనవి చేయుచున్నాను. వాడు వండినది టర్కీకోడి, మనము వండునది నాటుకోడి. ఐనను ఎండిపోవుటకు కారణమును, ఎండకుండ కాపాడు ఉపాయమును రెంటికి ఒక్కటే.

ముందుగ ఈ టర్కీకోడిని గూర్చి రెండు మాటలు. ఇది నెమలివలె తోక విచ్చుకొను పెద్ద పక్షి. బాగుగ పెరిగిన పుంజు పది కిలోలకు మించి తూగును. దీని పుట్టినిల్లు మెక్సికో దేశము. పదునారవ శతాబ్ది ఆరంభమున స్పెయిను దేశస్థులు దీనిని ఐరోపాకు గొనిపోయిరి. దీని పేరు మాత్రము చిత్రమైనది. ఆంగ్లేయులు దీనిని టర్కీ దేశపు పక్షి యనుకొనిరి. టర్కీవారు 'హిందీ', అనగా హిందూదేశపు పక్షి యందురు. పోర్చుగీసువారు 'పెరూ' యని పిలుతురు. అందరును దాని జన్మస్థానమును పొరుగువారి మీదికి త్రోసిన వారే కాని నిజమైన యింటిపేరు పెట్టినవారు లేరు. 1612వ సంవత్సరమున ముఖర్రబ్ ఖాన్ అను అధికారి గోవా నుండి కొన్ని వింత జంతువులను తెచ్చి జహంగీరు చక్రవర్తికి సమర్పించెను. వానిలో ఈ పక్షియు నుండెను. చక్రవర్తి మిక్కిలి ఆశ్చర్యపడి, దాని రూపమును తన స్వీయచరిత్రలో వర్ణించుటయే గాక చిత్రకారులచే బొమ్మ వ్రాయించెను. ఉస్తాద్ మన్సూర్ వ్రాసిన ఆ చిత్రము నేటికిని లండను నగరమందలి విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో నున్నది.

అమెరికాలో 1863వ సంవత్సరమున అధ్యక్షుడు లింకన్ కృతజ్ఞతాదినమును దేశమంతట జరుపవలెనని ప్రకటించెను. 1941లో చట్టముచే అది నవంబరు నాలుగవ గురువారముగ స్థిరపడెను. ఆనాడు దూరమున నున్న బిడ్డలు ఇల్లు చేరుదురు. పెద్దవారి చుట్టును కూర్చుండి ఈ కోడిని భుజింతురు. మనకు దసరా యెట్టిదో వారికి అది యట్టిది. మన పల్లెలలోను అంతే కదా! దుబాయి, మస్కటు, సౌదీ దేశములకు పొట్టకూటికై పోయినవారు వీలైనచో దసరాకే సెలవు పెట్టుకొని వత్తురు. ఉదయమున పాలపిట్టను చూచుట, సాయంకాలమున జమ్మిచెట్టు కడకు పోవుట, జమ్మియాకును బంగారమని పెద్దల చేతులలో నుంచి పాదములకు మ్రొక్కుట, పిమ్మట ఇంటిల్లిపాది కలిసి భుజించుట, ఇది మన ఆచారము. ఆ విస్తరిలో వడ్డించు కూర కేవలము కూర కాదు. ఏడాది కొకమారు కలసిన కుటుంబము తినునట్టిది. అది పెద్దలకు నమలరాని దైనచో పండుగలో సగము పోయినట్లే.

ఈ మాట నేను అనుభవము చేత చెప్పుచున్నాను. ఇరువదియైదేండ్ల క్రిందటి దసరానాడు నేనే కూర వండితిని. మూడేండ్లు పెంచిన పుంజు. దాని తూకమును, దాని గర్వమును గూర్చి వారము దినములుగ ఇరుగుపొరుగువారికి చెప్పి యుంటిని. జమ్మిచెట్టు వద్దకు పోవలెనను తొందరలో పొయ్యి నిండ కట్టెలు దోపి, భగభగ మండించి, ముప్పావుగంటలో దించితిని. రంగు చక్కగ నుండెను, వాసన వీధి చివరకు పోయెను. పంక్తిలో కూర్చున్న వారందరు బాగున్నదనిరి. మా అమ్మ డెబ్బదియైదేండ్లది. "ఇంకొక ముక్క వేయుదునా అమ్మా?" అనగా, "నాకు షోర్వ చాలు కొడుకా" అనెను. నేను సంతసించితిని. భోజనములైన పిమ్మట ఆమె విస్తరి తీయబోయి చూచితిని. వేసిన ముక్కలన్నియు ఆకు అంచు క్రింద వరుసగ దాచబడి యున్నవి. ఒక్కటియు కొరుకబడలేదు. నా గొప్పను చెరుపుట ఇష్టము లేక ఆమె అన్నమును పులుసుతో కలుపుకొని తిని లేచినది.

మరుసటి దసరాకు నేను మారు మాటలాడక పొయ్యి ప్రక్కన పీట వేసి, "అమ్మా, నీవు చెప్పుము, నేను చేసెదను" అంటిని. ఆమె నాలుగు మాటలు చెప్పెను. ఆ నాలుగును నేటి ఆహార శాస్త్రజ్ఞులు చెప్పు కారణములతో చక్కగ పొసగుచున్నవి. వానిని క్రమముగ చెప్పుటకు ముందు మాంసము ఏల యెండిపోవునో తెలిసికొనవలెను.

మాంసములో నాలుగుపాళ్లకు దాదాపు మూడు పాళ్లు నీరే. ఆ నీరు సన్నని పోగుల వంటి మాంసకృత్తులలో నిలిచి యుండును. వేడి తగులగనే ఆ పోగులు ముడుచుకొనును. సుమారు యాబది డిగ్రీల వేడిమిలో ముడుత మొదలగును. అరువది దాటగనే పోగులను చుట్టి యున్న పొరలును బిగియును. అప్పుడు తడిబట్టను పిండినట్లు నీరు వెలికి వచ్చును. డెబ్బది దాటి పైపైకి పోయినకొలది పిండుట యెక్కువగును. మంట ఎంత తీవ్రముగ నున్న ఈ పిండుట అంత త్వరగను, అంత గట్టిగను జరుగును. కూరలో నీరు ఎంత పోసినను ఒకమారు పిండబడిన పోగులోనికి అది తిరిగి చేరదు. పులుసులో తేలుచున్న ముక్క లోపల ఎండి యుండుట మీరు చూచియే యుందురు. నీటిలో మునిగి యుండుట వేరు, తడి కలిగి యుండుట వేరు.

ఐతే దీనికి మరియొక వైపు కలదు. పోగులను కలిపి పట్టియుంచు నరముల వంటి జిగట పదార్థము డెబ్బది డిగ్రీలకు పైన, చాలసేపు సన్నని సెగపై నుండినపుడు కరగి మెత్తని జిగురగును. ఆ జిగురే ఎండిన పోగుల నడుమ చేరి ముక్కకు మరల నునుపును, రసమును ఇచ్చును. ముసలి పక్షిలో ఈ నరములు గట్టిపడి యుండును. వానికి కాలమే మందు. లేత పక్షిలో అవి తక్కువ. దానికి కాలము ఎక్కువైనచో కీడు. కాలు, తొడ, మెడ నిత్యము పని చేయు అవయవములు గనుక వానియందు నరములును క్రొవ్వును అధికము. రొమ్ము కండ తెల్లనిది, క్రొవ్వు తక్కువ గలది, గనుక ముందుగ ఎండునది అదియే. వండువాడు మొదట ఎరుగవలసిన భేదము ఇదియే.

అంగడిలో దొరకు బ్రాయిలరు కోడి వయస్సు సుమారు ఆరు వారములు. అది అరగంటలో ఉడుకును. గంటసేపు ఉంచినచో దూదివలె విడిపోవును. ఏడాది దాటిన నాటుకోడికి గంటన్నర, మూడేండ్ల పుంజునకు రెండు గంటలు పట్టినను ఆశ్చర్యము లేదు. హైదరాబాదులోని కోళ్ల పరిశోధనా సంచాలనాలయమువారు పెరటి పెంపకమునకై రూపొందించిన 'వనరాజ' వంటి జాతులు ఈ రెంటికి నడుమ నుండును. కోడి వయస్సు అడుగక పొయ్యి వెలిగించుట రోగిని చూడక మందిచ్చుట వంటిది.

ఇక అమ్మ చెప్పిన మాటలు. మొదటిది: "ఉప్పు, పసుపు ముందుగాల పట్టియ్యి." మనము సాధారణముగ ఉప్పు కూరలో చివర వేసి రుచి చూతుము. కాని ముక్కలకు ముందే ఉప్పు పట్టించి యుంచినచో అది మెల్లగ లోనికి దిగి పోగులను కొంత సడలించును. అట్టి పోగులు వేడికి గట్టిగ ముడుచుకొనవు, నీటిని నిలుపుకొనును. కిలో మాంసమునకు రెండు చిన్న చెంచాలు, అనగా పది మొదలు పండ్రెండు గ్రాముల ఉప్పు చాలును. ముక్కలకు కనీసము ఒక గంట, మొత్తము కోడికి ఒక రాత్రి వ్యవధి యుండవలెను. రాత్రియంతయు ఉంచునపుడు చల్లనిపెట్టెలోనే ఉంచవలెను. ఈ ఉప్పును లెక్కలో నుంచుకొని కూరలో మరల వేయకుడు. రక్తపు పోటు గల పెద్దలున్న యిండ్లలో ఈ లెక్క మరింత అవసరము. పసుపు మన నేలబంగారము. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో మన నిజామాబాదుననే ప్రారంభమైనది కదా! అది రంగును, సువాసనను ఇచ్చును. పెరుగు కలిపినచో దాని పులుపు పైపొరను మెత్తబరచును, మసాలాను పట్టియుంచును. పచ్చి బొప్పాయి గుజ్జు మిక్కిలి ముదురు కోడికి మాత్రమే, అదియు కిలోకు ఒక పెద్ద చెంచాకు మించక, అరగంటకు మించక వాడవలెను. మించినచో మాంసము పిండివలె చెడును.

రెండవ మాట: "మంట గుంజు కొడుకా. కూర ఉడకాలె గని కాలొద్దు." ఉల్లిగడ్డలు, అల్లము, ఎల్లిగడ్డ వేగునంతవరకును, ముక్కలు పైన రంగు మారునంతవరకును మంట ఉండవచ్చును. పిమ్మట కట్టెలు వెనుకకు లాగి నిప్పుల సెగపై నుంచవలెను. పులుసు తెరలు తెరలుగ పొంగరాదు. అక్కడక్కడ ఒక్కొక్క బుడగ లేచుచుండవలెను. మట్టికుండకు ఈ పనిలో గొప్ప సహాయశక్తి కలదు. అది ఆలస్యముగ వేడెక్కి, ఆలస్యముగ చల్లారి, సెగను సమముగ పంచును. మందమైన అడుగు గల గంజు కూడ మంచిదే. పలుచని గిన్నెలో అడుగు మాడును, పైన ఉడుకదు.

మూడవ మాట: "మూతల నీళ్లు పొయ్యి." ఇది మన ఇల్లాండ్ర పాత ఉపాయము. కుండపై లోతుగల మూకుడు పెట్టి దానిలో నీరు పోయుదురు. క్రింద నుండి లేచిన ఆవిరి ఆ చల్లని మూకుడు అడుగును తాకి మరల నీరై కూరలో పడును. పోయిన తడి వెలికి పోక తిరిగి వచ్చును. వాసనయు లోననే నిలుచును. కూరకు నీరు చాలని పక్షమున ఆ మూకుడులో వేడెక్కిన నీటినే లోన పోయుదురు. చన్నీరు పోసినచో ఉడుకు ఆగి, వంట ఆలస్యమగును. ఒకే పాత్రతో మూతయు, వేడినీటి తొట్టియు సమకూర్చుకొనిన ఆ తల్లుల బుద్ధిని ఏమని పొగడుదుము?

నాలుగవ మాట: "దించి జరసేపు ఆగు." పొయ్యి దించిన వెంటనే కోసిన ముక్క నుండి రసము పారును. పావుగంట మొదలు ఇరువది నిమిషములు మూత తీయక ఉంచినచో లోని వేడి సమమగును, రసము చిక్కబడును, పోగులు కొంత సడలి దానిని పట్టుకొనును. వడ్డించువాని తొందర ఇచ్చట శత్రువు. నాడు జమ్మిచెట్టు నుండి తిరిగి వచ్చునప్పటికి కూర ఈ విశ్రాంతిలో నుండెను. ఆ సంవత్సరము అమ్మ విస్తరిలో ఎముకలు మాత్రమే మిగిలినవి.

ఈ నాలుగు మాటలకు ప్రత్యక్ష సాక్ష్యము కావలెనన్న దూరము పోనక్కరలేదు. ఆర్మూరు చెంతనే అంకాపూర్ కలదు. విత్తనముల పంటలకును, కాల్చిన మక్కకంకులకును పేరొందిన ఆ గ్రామము నాటుకోడి కూరకు అంతకంటె పేరుగాంచినది. ముందుగ ఫోనులో చెప్పినచో కోడిని కోసి, వండి, అన్నముతో కూడ కట్టి యిత్తురు. హైదరాబాదులో అంకాపూర్ పేరు పెట్టుకొనిన భోజనశాలలు వెలసినవి. అక్కడి కూరలో మంత్రమేమియు లేదు. ఈకలు తీసిన పిమ్మట పసుపు పూసి మంటపై కాల్చుదురు. తోలు తీయరు. ఆ తోలు క్రింది క్రొవ్వు కరగి ముక్కను నూనెగుడ్డవలె కప్పియుంచును. పట్టణములలో తోలు ఒలిచి, పిమ్మట కూర ఎండినదని చింతింతురు. ఎండకు గొడుగు పారవైచి తల మాడినదని యేడ్చినట్లు! కుడుక, ధనియములు, గసాలు నూరి చేర్చిన చిక్కని షోర్వ ముక్కను విడువక అంటియుండును. జొన్నరొట్టెతో గాని, వేడి యన్నముతో గాని దాని రుచి తెలియును.

ఇతర ప్రాంతములవారు ఇదే సూత్రమును పలువిధముల సాధించిరి. హైదరాబాదు వంటవారు పచ్చిమాంసమును పెరుగు, మసాలాలలో నానబెట్టి, బియ్యముతో పాటు పాత్రలో నుంచి, మూత చుట్టును గోధుమపిండి ముద్దతో బిగించి, 'దమ్ము' చేయుదురు. ఆవిరి వెలికి పోవు దారి లేదు గనుక తడి లోననే తిరుగును. 'ముర్గ్ ముసల్లం' అను వంటకమున మొత్తము కోడినే ఉడికిన గ్రుడ్లతోను, మసాలాతోను నింపి, పెరుగు పూతతో మూసి మెల్లగ వండుదురు. మారేడుమిల్లి, అరకు ప్రాంతముల గిరిజనులు మసాలా పట్టించిన ముక్కలను పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకులతో మూసి, నిప్పులపై త్రిప్పుదురు. నూనె లేదు, పోసిన నీరు లేదు. పచ్చి బొంగు తడియే ఆవిరియై ముక్కలను ఉడికించును. అరటియాకులో చుట్టి నిప్పుల ప్రక్కన నుంచుటయు ఇట్టిదే. పిండిముద్దయైనను, పెరుగుపూతయైనను, వెదురైనను, అరటియాకైనను, మన మూకుడైనను చేయుపని ఒక్కటి: తీవ్రమైన మంటకును మాంసమునకును నడుమ ఒక అడ్డు నిలుపుట.

నా శిష్యునికి నేను చెప్పినదియు ఇదియే. టర్కీకోడి పెద్దది. రొమ్ము లావు, తొడ గట్టి. మొత్తముగ పొయ్యిలో పెట్టినచో తొడ ఉడుకునప్పటికి రొమ్ము ఎండును. తొడ ఉడుకక ముందే తీసినచో రక్తము కనబడును. కనుక, "నాయనా, ముందు దానిని పూర్తిగ కరగనిమ్ము" అంటిని. మంచుగడ్డ కట్టిన కోడి చల్లనిపెట్టెలో కరగుటకు రెండు కిలోలకు ఒక దినము చొప్పున పట్టును. వాని కోడి ఐదు కిలోలది. అదృష్టవశమున రెండు దినముల ముందే బయటికి తీసి చల్లనిపెట్టె అరలో పెట్టియుండెను. కొసరుగడ్డ కరగినదాక మూటతోనే చన్నీటిలో ముంచి, అరగంట కొకమారు నీరు మార్చుమంటిని. పిమ్మట వెన్నెముక తీసివేసి, రెండు వైపులు పరచి, తొడలను వేరు చేయుమంటిని. ఐదు కిలోలకు యాబది అరువది గ్రాముల ఉప్పు, పసుపు, మిరియములు, చిటికెడు కామారెడ్డి బెల్లము కలిపి పట్టించి రాత్రియంతయు చల్లనిపెట్టెలో నుంచుమంటిని. బెల్లము దొరకనిచో చక్కెరయైన సరే. ఉదయమున రొమ్ము తోలు క్రింద వ్రేళ్లతో సందు చేసి పెరుగు, అల్లము, ఎల్లిగడ్డ, కొత్తిమీర నూరిన ముద్దను, కొంచెము నేతిని దూర్చవలెను. రొమ్మును వారి పొయ్యిలో మధ్యమమైన వేడిలో కాల్చవలెను. తొడలను మాత్రము మన దసరా కూరవలెనే ముక్కలు చేసి, మూత పెట్టి, సన్నని సెగపై గంటన్నర ఉడికింపవలెను. ఒకే పక్షి, రెండు స్వభావములు, రెండు వంటలు. రొమ్ము అరగంట విశ్రమించిన పిమ్మట పోగులకు అడ్డముగ కోయవలెను, పొడవుగ కాదు. అడ్డముగ కోసినచో పీచు పొట్టియై పండ్లు లేనివారికి సులువగును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయక తప్పదు. తడియారరాదని పచ్చిగ దించుట ప్రమాదము. కోడిమాంసములో రోగము కలిగించు సూక్ష్మజీవు లుండును. మాంసపు నడిభాగమున డెబ్బదినాలుగు డిగ్రీల వేడిమి చేరిన అవి నశించును. నేడు వంటకు వాడు ఉష్ణమాపకములు సులభముగ దొరకుచున్నవి. ముల్లును లావైన చోట, ఎముకకు తగులకుండ గుచ్చి చూడవచ్చును. డెబ్బదినాలుగు చేరగనే రొమ్మును దించవలెను. ఎనుబదియైదు వరకు మరచియుండుట చేతనే అది కొయ్యయగును. తొడలకు ఎనుబది దాటినను హాని లేదు, మేలే. పచ్చిమాంసము కోసిన కత్తిని, పీటను కడుగక కొత్తిమీర తరుగరాదు. పచ్చికోడిని కుళాయి క్రింద ధారగ కడిగిన తుంపరలు నలుదిక్కుల పడును. పగలు వండి రాత్రి తినదలచినచో రెండు గంటలకు మించి బయట నుంచక చల్లనిపెట్టెలో పెట్టి, తినుటకు ముందు పులుసు బాగుగ మరుగునట్లు కాచవలెను. వృద్ధులకును, పసివారికిని ఈ జాగ్రత్త ముఖ్యము.

ప్రెషరు కుక్కరు వాడవచ్చునా యని కొందరు అడుగుదురు. ముదురు కోడికి వాడవచ్చును. లోన వేడి నూటయిరువది డిగ్రీల వరకు పోవును గనుక గట్టి నరములు త్వరగ కరగును. కాని ఆవిరిని బలవంతముగ వదలరాదు. లోని పులుసు ఒక్కమారుగ పొంగి మాంసపు తడిని గుంజుకొనును. ఒత్తిడి తనంత తాను దిగువరకు ఆగవలెను. లేత కోడికి కుక్కరు అవసరమే లేదు. పని మీదికి పోవు కోడండ్రకు, కూతుండ్రకు రెండు గంటలు పొయ్యి కడ కూర్చుండు తీరిక ఉండదు. వారిని తప్పుపట్టుట పెద్దరికము కాదు. ఉప్పు ముందే పట్టించి యుంచుట, పుంజు వయస్సు చెప్పుట, సెగ చూచుచుండుట, ఈ పనులు ఇంటనున్న మనవంటి వృద్ధులు చేయవచ్చును. పొయ్యి ప్రక్కన పీట మనకొరకే యున్నది.

ఆయుర్వేదమున చరకాచార్యుడు కోడిమాంసమును స్నిగ్ధమనియు, ఉష్ణమనియు, బలకరమనియు, కంఠస్వరమునకు మేలనియు చెప్పియున్నాడు. స్నిగ్ధమనగా చమురును, మార్దవమును గలది. ఎండగట్టి వండినచో ఆ గుణమును మన చేతులారా పోగొట్టినవార మగుదుము. నమలలేని వృద్ధునికి అది బలము కాక భారమగును.

పండుగ మరునాడు నా శిష్యుడు మరల ఫోను చేసెను. రొమ్ము కొంచెము రంగు తక్కువైనదట, కాని ఎండలేదట. తొడల కూర ముందుగ అయిపోయినదట. "నాయిన ఏమన్నడు?" అని యడిగితిని. వాడు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "ఏమనలే సార్. రెండోసారి పెట్టించుకున్నడు" అనెను. అంతకంటె ప్రశంస నాకు తెలియదు.

పెద్దలారా! పండుగనాడు కూర యెట్లున్నదని వండినవానిని అడుగకుడు. అతడు బాగున్నదనియే చెప్పును. పంక్తిలోని పడుచువారిని అడుగకుడు. వారికి ఆకలియే రుచి. ఇంట అందరికంటె పెద్దవారు తిని లేచిన పిమ్మట వారి విస్తరి అంచు ఎత్తి చూడుడు. అక్కడ ముక్కలు దాచబడి యున్నచో మరుసటి పండుగకు మంట కొంత తగ్గింపుడు, ఉప్పు కొంత ముందుగ పట్టింపుడు, మూకుడులో నీరు పోయుడు. మా అమ్మ నాకు నేర్పినది ఇంతే. ఆమె నేడు లేదు. దసరానాడు కట్టె వెనుకకు లాగునపుడెల్ల ఆ మాట నాకు వినబడుచునే యుండును.